తెల్ల సోఫా మీద నీలి మరక

హాజీ సోబండీ ఇంట్లో కొత్త సోఫా మీద నీలి మరక పడింది. కాఫీ మరకో, సిరా మరకో అయితే సర్దుకునేవాళ్లు. ఇది పక్కపక్కన రెండు గుండ్రాలు. ఎవడో తీరిగ్గా కూర్చుని లేచిపోయిన గుర్తు.

శుక్రవారం పొద్దున్నకల్లా బాండుంగ్‌లోని ఆ సందు సందంతా హాజీ వాకిట్లో చేరింది.

సోఫా మీగడ రంగుది. కూతురు నినింగ్‌ని చూడడానికి ఆదివారం జకార్తా నుంచి సంబంధం వాళ్లు వస్తున్నారని కొన్నాడు. కొన్నప్పటి నుంచి దాని మీద ఈగని కూడా వాలనివ్వలేదు.

నినింగ్ వీధి గదిలో మిషన్ పెట్టుకుని జీన్స్ అంచులు కుడుతుంది. ఒక్క ఉతుకూ పడని ముడి జీన్స్ పిచ్చి పట్టిన కుర్రాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు. నెల జీతం పోసి అట్టలాంటి ప్యాంటు కొంటారు. లోపల మనిషి లేకపోయినా అది నిలబడుతుంది. ఏడాదిపాటు దానికి నీళ్లు తగలనివ్వరు. తొడల మీద మడతలు తెల్లబడితే, కొడుకు ఫస్టున పాసైనట్టు ఊరంతా చూపించుకుంటారు. ఈలోగా ఆ నీలం కాళ్లకీ, చెప్పులకీ, కూర్చున్న ప్రతి చోటికీ అంటుకుంటుంది. అందుకే వాళ్ల కోసం గుమ్మం బయట ఒక చెక్క బల్ల వేసింది నినింగ్. ఎవరైనా సరే, అక్కడే ఆగాలి.

మరి లోపలి సోఫా మీద కూర్చున్నదెవడు?

"ఇంకెప్పుడు దూరతాడు? మీరు మసీదుకి పోయినప్పుడే!" అంది పక్కింటి ఓనా. "ఒకడు ఒకే ప్యాంటు నాలుగుసార్లు కురచ చేయించుకుంటున్నప్పుడే అనుకున్నా."

హాజీ నిట్టూర్చి, కాళ్లు ఎడంగా వేసుకుంటూ సోఫా దగ్గరికి నడిచాడు.

"పాపం, దిగులుతో మనిషి నడకే మారిపోయింది," అంది ఓనా.

"ఇక్కడ చూడండి," అన్నాడు హాజీ. "జేబు కుట్టు కూడా దిగింది."

అందరూ వంగి చూశారు. పక్షి రెక్కలా వంపు తిరిగిన కుట్టు. అన్ని తలలూ ఒక్కసారే గుమ్మం బయట నిలబడ్డ రుస్మానా వైపు తిరిగాయి. ఆ రెక్క అతని జేబుల మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. కుట్టింది నినింగే.

రుస్మానా మోటారు సైకిళ్ల విడిభాగాల దుకాణంలో పని చేస్తాడు. నినింగ్‌కి ఒక మాట చెప్పాలని రెండేళ్లుగా వస్తున్నాడు. వచ్చి, నోరు పెగలక, "కాస్త కురచ చెయ్యి" అని ప్యాంటు ఇచ్చి పోతాడు. "ఇంకోసారి కత్తిరిస్తే నీకు మిగిలేది చెడ్డీయే" అని నినింగ్ నవ్వేది. ఆ మాట కోసం ఆమె కూడా ఎదురు చూస్తోందని సందులో కుక్కలకి సైతం తెలుసు. తెలియనిది అతనికే.

జకార్తా సంబంధం సంగతి విన్నాక కూడా అతను చేసింది ఒక్కటే. గెడెబాగె పాతబట్టల సంతకి పోయి, ఎవడో ఒక్కసారైనా తొడుక్కోకుండా అమ్ముకున్న ముడి జీన్స్‌ని సగానికి సగం బేరమాడి కొని, తెచ్చి ఇచ్చాడు. నినింగ్ పళ్లు కొరుకుతూ దానికీ రెక్క కుట్టి, కుట్టిన బట్టల కుప్ప మీద పడేసింది.

"ఇలా రారా," అన్నాడు హాజీ.

"ఒట్టండీ హాజీ గారూ! నేను ఈ గడప దాటితే ఒట్టు. ఎప్పుడూ ఆ బల్ల మీదే కూర్చుంటా. కావాలంటే బల్లని అడగండి!"

"బల్లొచ్చి సాక్ష్యం చెబుతుందిట!" అంది ఓనా. అందరూ ఘొల్లుమన్నారు.

"అయితే నువ్వు కాదంటావ్?"

"కాదండీ!"

"సరే." హాజీ గడ్డం నిమురుకున్నాడు. "జకార్తా వాళ్లని రావద్దని చెప్పేశాను. ఇది చూపించి ఏ మొహంతో మాట్లాడను? ఇంట్లోకొచ్చి కూర్చున్నవాడెవడో వాడికే పిల్లనిస్తా. వెతుకుదాం. నువ్వు ఇంటికి పో నాయనా."

రుస్మానా కదల్లేదు. సోఫా వంక చూశాడు. నినింగ్ వంక చూశాడు. ఆమె మిషన్ ముందు తల వంచుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు.

"నేనే!" అని అరిచాడు.

"ఏంటి నువ్వే?"

"నేనే కూర్చున్నా. గంటసేపు కూర్చున్నా!"

"ఇందాకే కదరా బల్లని సాక్ష్యానికి పిలిచావ్?" అంది ఓనా.

"బల్ల అబద్ధం చెప్పింది పిన్నీ!"

"నా ఇంట్లో నీకేం పనిరా?" అన్నాడు హాజీ.

రెండేళ్లుగా గొంతులో ఇరుక్కున్నది ఒక్క దెబ్బకి బయటపడింది.

"నినింగ్‌ని నాకిమ్మని అడగడానికొచ్చా. మీరు లేరు. మీరొస్తారని కూర్చున్నా... మామయ్యా!"

కుర్రాళ్లు ఈలలు వేశారు. ఓనా పరుగున వెళ్లి గిన్నెడు అల్లం కషాయం బెల్లం వేసి కాచి తెచ్చింది. ఎటూ పాడైందే కదా అని అందరూ ఆ సోఫా మీదే వంతులవారీగా కూర్చుని తాగారు. ఉపవాసాల నెల వెళ్లగానే పెళ్లి అనుకున్నారు. రుస్మానా మాత్రం ఆ మరకని మాటిమాటికీ తడిమి చూసుకున్నాడు. సాయంత్రానికి, నిజంగా తనే కూర్చున్నాడేమో అని అతనికే నమ్మకం కుదిరినట్టుంది.

జనం వెళ్లిపోయారు. నినింగ్ మిషన్ మీద గుడ్డ కప్పుతోంది. హాజీ అలాగే కాళ్లు ఎడంగా వేసుకుంటూ లోపల్నుంచి వచ్చాడు.

"అబ్బాయికి కాస్త కడుపునిండా తిండి పెట్టమ్మా," అంటూ రెక్క కుట్టున్న ఆ సంత జీన్స్‌ని తీసుకొచ్చి కుప్ప మీద పడేశాడు, "ఈ సన్న నడుములో ఇరుక్కుని, నిన్న మధ్యాహ్నమంతా ఆ సోఫా మీద చెమటలు కక్కుతూ కూర్చునేసరికి నా ప్రాణం పోయిందనుకో!"