యుక్కాకు దూప

“నీకు ఎన్నిసార్లు చెప్పాలె వసంతా? దీనికి నీళ్లే శత్రువు!”

సుగుణమ్మ కుండీలోంచి యుక్కా మొక్కను పైకి లాగింది. లాగేదేముంది, అదే ఊడి చేతికొచ్చింది. వేళ్లు నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి. నెల రోజుల్లో ఇది రెండోది.

వనపర్తిలో ఆ ఇంటికి వసంత పనికి కుదిరి మూడు నెలలు. పెద్దమందడి నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. గిన్నెలు, బట్టలు, ఇల్లు ఊడ్చడం, ఎక్కడా వంక పెట్టేందుకు లేదు. వంకంతా యుక్కాల దగ్గరే. రిటైరైన టీచరమ్మ సుగుణమ్మకు అవంటే ప్రాణం. ఇప్పుడు హాల్లో కిటికీ పక్కన రెండు కుండీలు మిగిలాయి. తోటలో గోడ వెంట ఇంకో నాలుగు ఉన్నాయి.

టీచరమ్మ పాఠం మళ్లీ మొదలుపెట్టింది.

“ఇగో, మట్టిల వేలు పెట్టి చూడు. రెండు కణుపుల దాకా పొడిగుంటెనే నీళ్లు. ఇంట్లయిటికి పదిహేను దినాలకోసారి చాలు. తోటలయి అసలే ముట్టకు, వాన పడితే అయిటికి ఎక్కువ.”

“మరి నీళ్లు తాగకుంటె దూప కాదా అమ్మా దానికి?”

“చెట్టుకు దూపేంది పిచ్చిదానా! ఎడారి చెట్టది. నీళ్లు కడుపుల దాసుకుంటది.”

వసంత తలూపింది. సుగుణమ్మకు నవ్వొచ్చింది. పాలమూరు మనిషి మరి! నీళ్లు లేక ఎండిన చేలను చూసిందే గానీ, నీళ్లెక్కువై చచ్చిన చెట్టును ఎన్నడు చూసిందని?

ఇంతలో గద్వాలలో తమ్ముడు నారాయణ ఇంట పెళ్లి వచ్చింది. పది రోజుల ప్రయాణం. తాళాలు ఇస్తూ సుగుణమ్మ ఖరాఖండిగా చెప్పింది.

“ఆకుల మీద దుమ్ము తుడువు. నీళ్లు మాత్రం చుక్క పొయ్యకు. గీసారి చచ్చినయా, ఇగ నువ్వు పనికి రావద్దు.”

పని పోతే ఏమవుతుందో వసంతకు తెలుసు. పుణెలో సెంట్రింగ్ పనికి పోయిన భర్త శేఖర్ దగ్గరికి తానూ పోవాలి. ఊరు విడిచి పోవడం ఆమెకు ఇష్టం లేదు. ఎందుకని శేఖర్ ఎప్పుడూ అడగలేదు.

మూడు రోజులు మాట మీదే నిలబడింది. వచ్చింది, ఊడ్చింది, తుడిచింది, పోయింది. ఆకలై కాదు, పన్నెండయిందని అన్నం డబ్బా తెరిచింది. రుచి తెలియలేదు. తెలియక చాలా రోజులయింది.

నాలుగో రోజు తుడుస్తుంటే ఆకుల కొసలు ఎండి, చిట్లి కనిపించాయి. మట్టిలో వేలు పెట్టింది. ఒక్క కణుపు దాకా పొడి. అక్కడే చాలాసేపు నిలబడింది. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. కాళ్లు వాటంతట అవే వంటింట్లోకి పోయాయి. చిన్న స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గ్లాసు వంపలేదు. చెంచాతో కొంచెం కొంచెంగా పోసింది. మట్టి పీల్చుకుంటుంటే ఇంకో గ్లాసు తెచ్చింది.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, ఇంటికి పోయే ముందు ఒకసారి పోస్తూనే ఉంది.

సుగుణమ్మ తిరిగొచ్చేసరికి రెండు మొక్కలకూ మొదళ్లు మెత్తబడ్డాయి. ఒకటి చెయ్యి తగలగానే వాలిపోయింది. టీచరమ్మకు కోపం నషాళానికి అంటింది.

“తాళాలు గాడ పెట్టు. ఇగ రాకు.”

వసంత పెట్టింది. బతిమాలలేదు, సంజాయిషీ చెప్పలేదు. కొంగు దోపుకుని చెప్పుల దగ్గరికి నడిచింది. ఆ తీరు చూసేసరికి సుగుణమ్మకు ఇంకా ఒళ్లు మండింది.

“గింత మొండితనమేందే? పెద్దోళ్లు చెప్పిన మాట ఒక్కసారన్న ఇననీకి నీకేమైంది?”

వసంత వెనక్కి తిరిగింది. ముఖంలో ఏమీ లేదు.

“ఒక్కసారి ఇన్ననమ్మా, పోయిన ఎండకాలం మా చిన్నోనికి మోషన్లు పట్టుకుంటే నీళ్లు తాపొద్దన్నరు పెద్దోళ్లు, వాడు నీళ్లు నీళ్లనుకుంటనే నా ఒళ్ల పానం ఇడిసిండు, నేను చుక్క తాపలే.”