నలుగురూ ఎక్కితేనే

"నేనింకొక్క మెట్టు ఎక్కితే నన్ను చెప్పుతో కొట్టు" అంటూ ప్రశాంతి గాలిగోపురం దగ్గర ఇడ్లీకొట్టు బల్ల మీద కూలబడింది.

"చెప్పులు అలిపిరిలోనే వదిలేసి వచ్చినాం గదమ్మే, దేంతో కొట్టేది?" అంది పంకజాక్షి.

"నవ్వు, నవ్వు. నా మోకాలు సూడు, గుమ్మడికాయంతైంది."

"రెండువేల మెట్లు దాటేసినాం. ఇంకేముండాది, సదును దారే గదా."

"అబద్ధాలాడొద్దు. మోకాలిమెట్టు ఉండాది."

మునిలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. "నువ్వు ఈడ కూర్చుంటే పాప గతేంది? నలుగురూ కాలినడకన మధ్యాన్నం పన్నెండు లోపల పైకి చేరితేనే ఆపరేషన్ ఖర్చిస్తానన్నాడు ఆ రాజారత్నం. ముగ్గురెక్కితే పైసా రాదు."

రాజారత్నానికి చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఊరికే దానం చేస్తే అలవాటైపోతుందని కాబోలు, ఈ పందెం పెట్టాడు. టీవీ ముందు నుంచి లేవని ఆడవాళ్లు కొండేం ఎక్కుతారని ఆయన ధీమా. ప్రశాంతి మోకాలు ఆయన పక్షాన చేరిపోయింది.

పాపంటే చెంగమ్మ మనవరాలు, కొడుకు కూతురు జాహ్నవి. ఐదేళ్లది. గుండెలో చిల్లుతో కింద తిరుపతి ఆసుపత్రిలో ఉంది. నలుగురిలోకీ పెద్దది చెంగమ్మే. అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమలు పెడుతూ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల నడుము రెండువేల సార్లు వంగినా నిక్షేపంగా ఉంది. ఊరికే చేతులూపుకుంటూ వచ్చిన ప్రశాంతికి మోకాలు వాచింది. ఆసుపత్రిలో ఉన్న కొడుకుతో మాట్లాడి వస్తానని చెంగమ్మ ఎదుటి ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి ఉంది గనక, ఈ గొడవంతా ఆమె చెవిన పడలేదు.

"అక్క బయటికొచ్చి అడిగితే ఏం జెప్తావు? మోకాలని జెప్తావా?" అంది మునిలక్ష్మి.

ప్రశాంతి జవాబు వెతుక్కునేలోపే చెంగమ్మ వచ్చేసింది, ఆ చివరి మాట విననే వింది. బతిమాలలేదు, తిట్టలేదు. కింద కూర్చుని ప్రశాంతి మోకాలు తడిమి చూసింది. భుజం మీది తుండుగుడ్డ తీసి బిగించి కట్టింది. పసుపు కుంకుమల డబ్బాలు ఆమె చేతిలో పెట్టింది.

"ఇంక నువ్వు పెట్టు."

"నడిచేదే గగనంగా ఉంటే, వంగేది యాడక్కా?"

"వంగితే సదురుకుంటాదిలే. బొట్లు పెట్టేది మధ్యలో ఆపగూడదు."

"పట్టేసె సూడు పెద్దక్క!" అని పంకజాక్షి చప్పట్లు కొట్టింది.

ప్రశాంతికీ అర్థమైంది. చేతిలో కుంకుమ పెట్టుకుని సగం దారిలో కూర్చునే ధైర్యం తిరుపతిలో ఏ ఆడదానికుంది? ముసలమ్మ తెలివికి లోలోపల దండం పెట్టుకుని లేచింది.

అక్కడినుంచి చెంగమ్మ ముందు నడిచింది. అంతవరకూ మెట్టుకొక కబురు చెప్పిన మనిషి, ఇప్పుడు "రాండి, పొద్దెక్కతా ఉండాది" తప్ప మాట లేదు. తను మొరాయించినందుకే కోపమనుకుంది ప్రశాంతి. ఆ కోపం తీర్చడానికన్నట్టు ఒక్క మెట్టూ వదలకుండా బొట్లు పెట్టింది. మోకాలిమెట్టు దగ్గర అందరూ మోకాళ్ల మీద పాకుతుంటే, పంకజాక్షి ఒక రెక్క, మునిలక్ష్మి ఒక రెక్క పట్టుకున్నారు. వెనకనుంచి చెంగమ్మ అరచెయ్యి వీపు మీద ఆనించి తోసింది.

పన్నెండుకు పావుగంట ఉండగా పైకి చేరారు.

రాజారత్నం కారుకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. నలుగురూ కనపడేసరికి ఆయన ముఖం కాస్త చిన్నబోయింది.

"నడిచే వచ్చినారా? మధ్యలో బస్సు గిస్సు..."

ప్రశాంతి మోకాలు చూపించింది. ఆయన ఇంకేమీ అడక్కుండా చెక్కుబుక్కు తీశాడు.

"పాప పేరేందమ్మా?"

"పాప పేరొద్దప్పా" అంది చెంగమ్మ. "ఆసుపత్రి పేరు మీద రాయండి. గుండె ఆపరేషనుకని రాస్తే సాలు."

"అదీ మంచిదే" అని రాసిచ్చాడాయన. కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చెంగమ్మ అలాగే నిలబడి చూసింది. తర్వాత చెక్కు మడిచి రవికెలో దోపుకుని, రోడ్డంచున కూర్చుండిపోయింది.

"సాధించినామక్కా!" ప్రశాంతి సంతోషం పట్టలేకపోయింది. "పాండి, కోనేట్లో కాళ్లు కడుక్కోని దర్శనానికి పోదాం."

"మీరు పోయిరాండి. నేను బస్సెక్కి కిందికి పోతా."

"ఇదేందక్కా! నన్ను కుంటించి కుంటించి ఎక్కించి, నువ్వు స్వామిని సూడకుండా పోతావా? పాప కోసరమన్నా మొక్కుకోవా?" అని చెయ్యి పట్టి లాగింది.

చెంగమ్మ చెయ్యి విడిపించుకుంది.

"మైల పడినోళ్లు కొండే ఎక్కగూడదు ప్రశాంతీ. ఎక్కేసినాను. గుళ్లోకి గూడా యాడ రమ్మంటావు?"

"మైలేంది?"

"పాప పోయి మూడు గంటలాయె."

ఎవరో యాత్రికులు గోవింద కొడుతూ పక్కనుంచి పోయారు. మునిలక్ష్మి వచ్చి చెంగమ్మ పక్కన కూర్చుంది.

"మరి... ఇంకెవరి కోసరం ఎక్కించినావక్కా మమ్మల్ని?"

చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, బస్సు కోసం లేచింది.

"పక్క మంచంలో ముబారక్ అని ఒక పిల్లోడు. వానికీ గుండెలో చిల్లే. వాడింకా ఉండాడు."