మీసాల రాక్షసుడు

అరుణన్న బెల్టు నా వీపు మీద పడింది.

“ఎడపల్లిల చిందు భాగోతం అయినంక, తెరెనక గా మీసాల రాక్షసుడు నీ చెయ్యెందుకు పట్టిండే?”

“నేనే పట్టుమన్న.”

ఈసారి బెల్టు బకిల్ తగిలి నా పెదవి చిట్లింది. “వాన్ని నరికి చెరుకుతోటల పారేస్త!”

“వాడు కాదన్నా, ఆమె.” నోట్లోని రక్తం ఉమ్మాను. “ఏషం ఇప్పి పెట్టుడు మీసం పీకేదాకా నాకూ తెల్వలే. మన అవ్వ వయసుంటది. ఆటల రాజును జుట్టువట్టి ఈడ్చింది గామెనే. చూస్తుంటే నాకు పానం లేచొచ్చింది. నాకూ నేర్పుమన్న.”

బెల్టు మళ్లీ లేచింది. దాన్ని గాలిలోనే ఒడిసిపట్టి గుంజాను. అన్న తూలి గోడకు గుద్దుకున్నాడు. నుదురు పగిలింది.

“చెయ్యివట్టుకొని నేర్పింది గిదే. రేపు గూడ రమ్మన్నది. పోత.”