గోరంత పట్టీ

"ఇంతేనా?" అన్నాడు పెద్దల్లుడు, ఆసుపత్రి మంచం మీదున్న తోడల్లుడి పొట్టకేసి ఎగాదిగా చూసి. "దీనికా ఇల్లంతా ఏడ్చి చచ్చింది?"

చిన్నల్లుడి కుడి డొక్కలో గోరంత పట్టీ. అంతే.

"కాలేయంలో క్యాన్సరు గడ్డ అన్నయ్యా. డాక్టరమ్మ స్కానులో చూస్తూ సూది దింపి, ఉన్నచోటే మాడ్చేసింది."

"మాడ్చెయ్యడానికి అదేమన్నా దోమటోయ్!"

చిన్నల్లుడు బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికేవాడు. అయినా, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన ఈ తోడల్లుడి గొంతుకి అతని చెవులే చిల్లులు పడతాయి.

"క్యాన్సరంటే కోసి పారెయ్యాలి. ఇదిగో, ఇలా!"

చొక్కా ఎత్తేశాడు. పొట్టకి అడ్డంగా రైలు పట్టాలా పాత కుట్ల మచ్చ. అది చూడకుండా తప్పించుకున్న చుట్టం లేడు. పక్క మంచం ముసలాయన కళ్ళజోడు వెతుక్కుని మరీ చూశాడు.

"చొక్కా దించండి సార్, ఇది వార్డు," అంది నర్సు.

"నన్ను మంచం మీంచి దించడానికి నలుగురు పట్టారు తెలుసా? నువ్వు రేపే ఇంటికి పోతావట. సిగ్గులేదూ?"

చిన్నల్లుడికి ఒళ్ళు మండింది. "చాల్లే అన్నయ్యా! గడ్డ మొత్తం పోయిందో లేదో నెల పోయాక మళ్ళీ స్కాను తీస్తేగాని తెలీదట. నా భయం నాకుంది."

పెద్దల్లుడు చొక్కా దించేశాడు. గడియారం చూసుకుని, వస్తానని కూడా చెప్పకుండా చరచరా వెళ్ళిపోయాడు.

సాయంత్రం నర్సు నాలుగడుగులు వెయ్యమంటే, చిన్నల్లుడు గోడ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. మనసులో తోడల్లుణ్ణి తిట్టని తిట్టు లేదు. స్కాను గది ముందు బెంచీ మీద, వీపున ముడులూడిన ఆసుపత్రి గౌనులో ఓ భారీ మనిషి ముడుచుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడికి తలెత్తాడు.

పెద్దల్లుడు!

"అన్నయ్యా, నువ్విక్కడ..."

"మళ్ళీ మొలిచిందోయ్. నాకు ఎల్లుండి. మీ వదినకింకా చెప్పలేదు."

డ్రిల్లు మాస్టారు అటూ ఇటూ చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ గొంతు గుసగుసలాడడం చిన్నల్లుడు వినడం అదే మొదలు.

"నిజం చెప్పు తమ్ముడూ... ఆ సూది నొప్పెడుతుందా?"