గడ ఎంత పెరిగింది?

"ఈ యేడు గడ ఎంత పెరిగింది బిడ్డా?"

రాజనర్సు ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. గంగమ్మ గడపలోనే అడిగేసింది.

"పెద్దగ ఏం లేదవ్వా. మోకాలంత."

"గంతేనా?" ఆమె ముఖం చిన్నబోయింది. "ముందటేడు నడుముదాక అంటివి గదా."

బోధన్ చుట్టుపక్కల ఎవరు విన్నా చెరకు ముచ్చటే అనుకుంటారు. బతుకంతా చెరకు నరికిన గంగమ్మకు ఆ మాటే నోటికొచ్చింది. నిజానికి వాళ్లు మాట్లాడుకుంటున్నది హిమాలయాల్లో ఉన్న ఒక హిమానీనదం గురించి, అంటే మెల్లగా జారే మంచునది గురించి. దాన్ని కొలవడమే రాజనర్సు ఉద్యోగం. ఆవిరితో మంచులోకి లోతుగా బెజ్జం వేసి వెదురుగడ దింపుతారు. ఎండాకాలం పోయాక వెళ్లి చూస్తే గడ కొంత బయటపడి ఉంటుంది. పెరిగేది గడ కాదు, తగ్గేది మంచు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా గంగమ్మ పెరిగిందనే అంటుంది. అంత చదువు చదివి వెదురుగడలు పాతడానికా కొండలెక్కుతున్నావని వేల్పూర్‌లో అతని సొంత మేనమామే నవ్వేవాడు. గంగమ్మ మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు.

ఆమె కొడుకు ఏసుబాబు ఆ గడల పక్కనే మంచు పగులులో పడిపోయాడు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. నిజామాబాద్ కాలేజీలో అతనూ రాజనర్సూ ఒకే బెంచీ. ఆ కొలతల పనిలో చేర్పించింది కూడా రాజనర్సే.

గంగమ్మ కోరిక ఒక్కటే. తను కళ్లు మూసేలోగా, మంచు కరిగి బయటపడ్డ కొడుకును తెచ్చి, మెథడిస్టు సమాధుల తోటలో వాళ్ల నాయన పక్కన పెట్టుకోవాలి. అందుకే ఏటా దసరా దాటాక రాజనర్సు రాక కోసం ఎదురుచూస్తుంది.

గంగమ్మ కూతురు షారోన్ చాయ్ తెచ్చింది. నిజామాబాద్‌లో మందుల షాపులో పని చేస్తుంది. ఖాళీ దొరికితే ఫోన్లో వార్తలు చదువుతుంది.

"అన్నా, ఈసారి ఎండలకు మంచు బాగ కరిగిందని రాస్తున్నరు. నువ్వేమో మోకాలంటున్నవ్."

"ఒక్క గడ సూసి చెప్పరాదు షారోన్. చలికాలం పైన మంచు పడి చేరుతది. ఎండకాలం కింద కరిగి పోతది. గుమ్మిల వడ్లు పోసుడు, తీసుడు లెక్క. రెండింటికి తేడా కట్టాలె."

"మరి గా తేడా ఎంత?"

అతను చాయ్ గ్లాసులోకి చూశాడు. "తగ్గుతనే ఉంది. మెల్లగ."

అబద్ధం. ఈసారి గడలు మనిషెత్తు దాటి బయటపడ్డాయి. ఒకటైతే మొత్తానికే ఊడి పక్కకు పడిపోయింది. అది చూశాక అతనికి అక్కడ నిలవబుద్ధి కాలేదు. మిగిలిన గడల కొలత తనతో పనిచేసే వర్షకు అప్పగించి ముందే దిగొచ్చేశాడు. ముసలామెకు ఆశ పెట్టి కుంగదీయడం ఎందుకని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు గానీ, నిద్ర మాత్రం దగ్గరికి రాలేదు. టేపు పట్టుకుని వంగిన ప్రతిసారీ, కిందినుంచి ఎవరో గడను పైకి నెడుతున్నట్టు అనిపించేది. అప్పుడు నిజంగానే భయం వేసేది. మంచు కింద పారే నీళ్ల చప్పుడు, ఊళ్లో పసుపు చేను గట్టు మీద నిలబడ్డా చెవుల్లో వినిపించేది.

"సంఘం పెద్ద పాల్ రాజ్ అడుగుతున్నడు," అంది గంగమ్మ. "తోటల జాగ లేదట. మీ ఆయన పక్కన ఎన్నేండ్లు ఖాళీ ఉంచుతవ్ అంటున్నడు. నువ్వే చెప్పు బిడ్డా. నా పానం ఉండంగ నా కొడుకు వస్తడా, రాడా? రాడంటే జాగ ఇచ్చేస్త."

రాజనర్సు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇచ్చెయ్ అవ్వా," అన్నాడు చివరికి. "ఇగ ఆశ పెట్టుకోకు."

గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షారోన్ కోపంగా ఏదో అనబోయింది. అంతలో ఆమె ఫోన్ మోగింది.

"ఎవరు? వర్ష మేడమా? ఈడనే ఉన్నడు. ఫోన్ బంద్ పెట్టుకున్నట్టుంది. నాకు చెప్పుండ్రి."

వింటూ వింటూ షారోన్ గోడకు ఆనుకుని కూలబడింది. ఫోన్ ఒళ్లోకి జారిపోయింది.

"అవ్వా, మన ఏసుబాబన్న దొరికిండట. గడల దగ్గరనే, మంచు కరిగినకాడ తేలిండట. బట్టలు గూడ పాడు కాలేదట. నడుముకు కట్టిన తాడు సుత అట్లనే ఉందట."

గంగమ్మ పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకుందో, కొడుకును పిలిచిందో తెలియదు. మెల్లగా లేచి వచ్చి రాజనర్సు తల మీద చెయ్యి వేసింది. అతను మొహం అరచేతుల్లో దాచుకున్నాడు.

"ఏడువకు బిడ్డా. నీ దోస్తు వచ్చిండు. ఒక్క తాడుకే ఇద్దరు కట్టుకొని నడిస్తిరి. అది తెగబట్టి నువ్వన్న దక్కినవ్, లేకుంటే ఇద్దరు పోదురు. నన్ను గూడ ఆడికి తోల్కపో. గా తాడు యాడ తెగిందో నా కండ్లతోని సూడాలె."

తాడు తెగలేదు, రాజనర్సు కోశాడు.