మూడో రోజు ఉదయం

నా కూతురిని కరాకోల్ ఊరి మంచుమట్టిలో పాతిపెట్టిన సాయంత్రమే దాని బిడ్డ, నా మనవరాలు వార్యాకు ప్రభువు మీది విశ్వాస ప్రమాణం వల్లె వేయించాను. ఏడ్చే పిల్లకు పాఠమే మందు అనుకున్నాను.

“సిలువ వేయబడి, పాతిపెట్టబడి, మూడో రోజున లేచెను.”

“నిజంగానే లేచాడా అమ్మమ్మా?”

“నేనెప్పుడైనా అబద్ధం చెప్పానుటే? మళ్ళీ చెప్పు, తప్పుల్లేకుండా.”

మూడో రోజు తెల్లవారేసరికి పిల్ల పక్కలో లేదు. వెతుక్కుంటూ వెళితే సమాధి దగ్గర కనిపించింది. వాళ్ళమ్మ ఉన్ని బూట్లు సిలువ ముందు పెట్టుకుని కూర్చుంది.

“అమ్మ లేవగానే కాళ్ళకి చలేస్తుంది కదా.”

“పిచ్చిమొహమా, మూడో రోజున లేచింది ప్రభువొక్కడే. మనమంతా ఆఖరి రోజున లేస్తాం.”

“అదెప్పుడు?”

“ఎవరికీ తెలీదే.”

వార్యా బూట్ల వైపు చూసింది.

“అయితే ఇవి ఇక్కడే ఉంచుదాం.”

నేను బూట్ల మీది మంచు దులిపి, వాటిని సిలువకు మరికాస్త దగ్గరగా జరిపాను.