చిటికె వెయ్యని మేనేజరు

ఆ రోజుల్లో జనపమిల్లు బరువుపనులన్నీ మరమనిషివే. మాటలు విడదీయకుండా కలిపి వినాలంటే, ముందొక చిటికె, వెనకొక చిటికె వెయ్యాలి. లేకుంటే దానికి ఏ మాటకామాటే వేరు. కొత్త మేనేజరు జగన్నాథరాజుకు చిటికెలు వెయ్యడం నామోషీ. అదేమో ఆయన గొంతు తప్ప వినదు.

మరుగుదొడ్డి కట్టండని పైడితల్లి ఆడకూలీలతో గేటు ముందు డేరా వేసింది. రాజుగారు ఊగిపోయాడు.

“మేనేజరు కారుకు అడ్డమొచ్చిన డేరా ఎత్తి చెత్తలారీలో పడెయ్!”

మరమనిషి మొదట మేనేజరును ఎత్తి లారీలో పడేసింది. తర్వాత కారునెత్తి ఆయన నెత్తి మీదికి తెచ్చింది. మూడోది తన డేరాయేనని పైడితల్లికి అర్థమైంది.

“ఆపు! ఆపవే!” లారీలోంచి రాజుగారు అరిచాడు.

“కొత్త పని సెప్తేనే అదాగుతాది బాబూ! సిటికేసి సెప్పు!”

“ఏం పని చెప్పనే?”

“మా పనే సెప్పు!”

లారీలోని చేపల చెత్తలోంచి రాజుగారి చెయ్యి పైకొచ్చింది. చిటికె. “ఆడకూలీలకు మరుగుదొడ్డి కట్టు.” చిటికె.

మరమనిషి కారు పక్కన పెట్టి గునపం అందుకుంది.

“మరి నన్ను దించమని చెప్పనా?”

“అమ్మమ్మా, వొద్దు బాబూ! కొత్త పని సెప్తే ఇదాగిపోద్ది. గోడలు లేచేదాకా అక్కడే కూకోండి.”